పాత బంగళా పార్కెట్ చెక్కలు: టేకా, ఓకా, లేకపోతే ఇంకేమన్నానా?

కొండారెడ్డి_బురుజు
అనంతపురం దగ్గర ఒక పాత బంగళా కూలగొడ్తున్నారంటే కిటికీలు దొరుకుతాయేమో అని పోయినా, కిటికీలు అప్పటికే ఎవరో ఎత్తుకుపోయినారు, మూలకు కుప్పేసిన చిన్న చిన్న చెక్కలు కనపడినాయి. నేలకు పరిచిన పార్కెట్ అంట. ఒక్కోటి జానెడు పొడవు, నాలుగు వేళ్ళ వెడల్పు, రెండు సెంటీమీటర్ల మందం. మొత్తం 260 చదరపుటడుగులు వస్తుందని లెక్కేసి 18 వేలకు బేరం చేసి టాటా ఏస్‌లో కర్నూలుకు తెచ్చినా. అమ్మినాయన "అంతా బర్మా టేకు సామీ, తెల్లోళ్ళ కాలంది" అన్నాడు. ఇంటికొచ్చి పరిచి చూస్తే రెండు రకాలున్నాయి. ఎక్కువ భాగం తేనె రంగు, ఒక 200 చెక్కలు మాత్రం ముదురు ఎరుపు, పట్టుకుంటే బరువుగా కూడా ఉన్నాయి. అడుగున అన్నిటికీ తారు అంటుకొని ఉంది.

మా ఆచారి టేకే అన్నాడు. మా బామ్మర్ది హైదరాబాద్‌లో ఇంటీరియర్ పని చేస్తాడు, ఫోటో చూసి ఓక్ అంటాడు. మా నాయన చింత చెక్క అంటాడు, ఆయనకు బరువున్నదల్లా చింతే. మేడ మీద 12 బై 14 రూము ఉంది, అందులో పరుద్దామని నా ఆలోచన. ఇవి ఏం చెక్కలో ఇంట్లోనే కనుక్కునే దారి ఉందా? ఇంకోటి, కింద హాలుకు కూడా చెక్క నేలే వేయాలని మా ఆవిడ పట్టుబట్టింది, దానికి కొత్తది కొనాల్సిందే, ఏ చెక్క కొనాలో కూడా చెప్పండి.

తాడిపత్రి_బండ
కర్నూల్లో ఉంటూ చెక్క నేలా? పక్కనే బేతంచెర్ల, ఇటు తిరిగితే తాడిపత్రి, అటు తిరిగితే కడప బండ. దేవుడు ముప్పక్కలా రాయి పెట్టి పంపిస్తే నువ్వు పోయి చెక్క ఎత్తుకొస్తివి కదప్పా.

రాగిసంకటి
వాసన చూడన్నా. టేకును గరుక్కాగితంతో కొంచెం రుద్దితే కొత్త తోలు చెప్పుల మాదిరి వాసన వస్తాది, చేత్తో తడిమితే కొంచెం జిడ్డు తగుల్తాది. అంతకు మించి టెస్ట్ లేదు.

కొండారెడ్డి_బురుజు
@రాగిసంకటి రుద్దినా. తారు వాసన తప్ప ఏం రాలే.

ఉలి_బాడిస
మాది మూడు తరాల వడ్రంగి ఇల్లు, నేను ఇప్పుడు ప్రొద్దుటూర్లో సొంతంగా పని చేసుకుంటున్నా, అందుకని చెప్తున్నా. రంగు చూసి చెక్క పేరు చెప్పినోడి మాట నమ్మొద్దు, ఫోటో చూసి చెప్పినోడి మాట అసలే నమ్మొద్దు. ఎండ తగిలితే టేకు ముదురుతుంది, పాలిష్ పడితే మామిడి కూడా రోజ్‌వుడ్ అయిపోతుంది. చూడాల్సింది కొస. పొడుగు గీతలు కనపడే మొహం కాదు, అడ్డంగా కోసిన కొస మొహం. కొత్త బ్లేడు తీసుకొని కొస మీద గోరంత జాగా నున్నగా కోయి, గరుక్కాగితం పెట్టొద్దు, దుమ్ము పోయి బెజ్జాల్లో కూర్చుంటుంది. కోసినాక కొంచెం తడి చేసి, నగల షాపోళ్ళు కంటికి పెట్టుకునే పది రెట్ల లెన్స్ ఉంటుంది చూడు, దాంతో చూడు.

టేకు అయితే ఏడాది వలయం మొదట్లో పెద్ద బెజ్జాలు వరసగా ఉంటాయి, వాటి పక్కనే పాలిపోయిన సన్న గీత, తర్వాత బెజ్జాలు చిన్నవైపోతాయి. ఓక్‌కు కూడా పెద్ద బెజ్జాల వరస ఉంటుంది, అందుకే మీ బామ్మర్ది లాంటోళ్ళు తికమక పడేది. కానీ ఓక్‌లో బండి చక్రం ఆకుల మాదిరి లోపల్నించి బయటికి పోయే వెడల్పాటి గీతలు లెన్స్ లేకుండానే కనపడతాయి, మొహం మీదయితే మెరిసే మచ్చలుగా కనపడతాయి. టేకులో ఆ గీతలు ఉన్నా సన్నగా ఉంటాయి.

కడప_కారం
ఆ ఎర్రవి ఎర్రచందనం. రాసిపెట్టుకో. బరువు, ఎరుపు, మన సీమ. ఇంకేం కావాల. నువ్వు అయిపోతివి రెడ్డీ.

కొండారెడ్డి_బురుజు
అట్లనొద్దన్నా. నేను రెడ్డిని కూడా కాదు, బురుజు పేరు పెట్టుకున్నా అంతే. నిజంగా ఎర్రచందనం అయితే నా గతేంది? టాటా ఏస్‌లో హైవే మీద పట్టపగలు తెచ్చినా, రెండు టోల్‌గేట్లు దాటినా.

తాడిపత్రి_బండ
టోల్‌గేట్ కెమెరాలో నువ్వు నవ్వుతా ఉన్న ఫోటో వచ్చింటాది.

కడప_కారం
చెక్క ఒక్కటి మా ఇంటికి పంపు, చెప్తా అది ఏందో. రెండు పంపు, పోల్చి చూడాల కదా.

నల్లమల_నీడ
అటవీ శాఖలో 31 ఏళ్ళు చేసి రిటైరైనాను, కారం గారు భయపెట్టినంత లేదు గానీ తేలిగ్గా తీసుకునేది కూడా కాదు. ఎర్రచందనం ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు, మన కడప, చిత్తూరు, నెల్లూరు వైపు కొండల్లోనే, శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండలు. అరుదైన జంతువులు, మొక్కల వ్యాపారాన్ని కట్టడి చేసే సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం రెండో అనుబంధంలో 1995 నుంచి ఉంది. కాగితాలు లేకుండా ఇంట్లో పెట్టుకుంటే పాతదా కొత్తదా అని అడగరు. కాబట్టి ముందు తేల్చుకోండి, ఇంట్లోనే తేలుతుంది.

మొదటిది తూకం. రెండు రకాల్లోనూ ఒక్కొక్క చెక్క తీసుకొని తారు పూర్తిగా గీకి, పొడవు వెడల్పు మందం సెంటీమీటర్లలో హెచ్చించి, వంటింటి త్రాసులో గ్రాములు చూసి భాగించండి. టేకు దగ్గర దగ్గర 0.65 వస్తుంది. ఎర్రచందనం చేవ, అంటే చెట్టు లోపలి గట్టి చెక్క, ఒకటి దాటుతుంది, అంటే నీళ్ళలో వేస్తే మునుగుతుంది.

రెండోది నీళ్ళు, స్పిరిట్. ఎర్ర చెక్క నుంచి ఉలితో పెచ్చులు తీసి గాజు గ్లాసులో మామూలు నీళ్ళలో కొన్ని, ఇంకో గ్లాసులో పాలిష్ పనికి వాడే స్పిరిట్‌లో కొన్ని వేయండి. పైన పాలిష్ ఉన్న భాగం వద్దు, లోపలి చెక్క కావాలి. ఎర్రచందనం రంగు నీళ్ళలోకి దిగదు, స్పిరిట్‌లో రక్తం మాదిరి దిగుతుంది. నీళ్ళలోనే రంగు దిగి, ఎండలో నల్లటి గుడ్డ ముందర పెట్టి చూస్తే అంచుల్లో నీలం మెరుపు వస్తే అది వేగి. మా వైపు పెద్దేగి అని కూడా అంటారు. నల్లమలలో ఉండేదే, పాత ఇళ్ళలో దూలాలకు, ద్వారబంధాలకు వాడినారు.

టవర్‌క్లాక్_77
ఆ బర్మా టేకు సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతా. మన టింబర్ డిపోల్లో టేకు అనే మాట చెక్క పేరు కాదు, రేటు పేరు. సీపీ టేకు, బల్లార్షా టేకు, సుడాన్ టేకు, ఘనా టేకు, ఆఫ్రికన్ టేకు, అన్నీ టేకే. వీటిలో ఘనా, సుడాన్‌వి తోటల్లో పెంచినా నిజంగా టేకు చెట్టే, చేవ తక్కువ, తెల్లచెక్క ఎక్కువ, అంతే తేడా. ఆఫ్రికన్ టేకు అని అమ్మేది చాలాసార్లు ఇరోకో, అది వేరే చెట్టు, టేకుకు చుట్టం కూడా కాదు.

ఆరేండ్ల కింద నేను మెట్లకు ‘ఆఫ్రికన్ టేకు’ కొన్నా. ఊరు చెప్పను, డిపో పేరు చెప్పను. మా ఆచారి చిత్రిక పడ్తాంటే బ్లేడు టక్కుమని ఆగిపోయె, చూస్తే చెక్క లోపల తెల్లటి రాయి. నేను డిపోవోడు సిమెంటు కలిపినాడేమో అనుకొన్నా. తర్వాత తెలిసింది ఇరోకోలో అట్ల సున్నపు గడ్డలు సహజంగానే ఉంటాయంట. కొస చూస్తే బెజ్జాలు అంతటా చల్లినట్ల ఉంటాయి, టేకుకు మాదిరి వరస ఉండదు. చెడ్డ చెక్క అని అనను, ఇప్పటికీ మెట్లు బాగున్నాయి, కానీ టేకు రేటు ఇచ్చినా కదా అదే మంట.

ఇంకొకటి, బర్మా వాళ్ళు 2014 ఏప్రిల్ నుంచి దుంగల ఎగుమతి ఆపేసినారు. ఈరోజు ఎవరన్నా ‘ఇప్పుడే దిగిన బర్మా దుంగ’ అంటే నవ్వి బయటికి రావడమే.

కొండారెడ్డి_బురుజు
@టవర్‌క్లాక్_77 నాది పాత బంగళాది కదన్నా, బర్మాదే కావొచ్చు.

టవర్‌క్లాక్_77
కావొచ్చు. మన అడవిదీ కావొచ్చు. లెన్స్ పెడితే టేకు అని తెలుస్తాది గానీ ఏ ఊరిదో దానికి తెలీదు.

పెన్నా_గట్టు
అందరూ పాత చెక్క గురించే పడినారు, హాలు సంగతి నేను చెప్తా. నాది జమ్మలమడుగు, ఉండేది బెంగళూరు, మా ఫ్లాట్‌లో ఓక్ వేయించినా. గట్టిదనానికి జంకా అని లెక్క ఉంది, 11.28 మిల్లీమీటర్ల ఉక్కు గుండును చెక్కలోకి సగం దిగేదాకా నొక్కి ఎంత బలం పట్టిందో చూస్తారు. పౌండ్లలో టేకు వెయ్యి మీద కొంచెం, రెడ్ ఓక్ 1290, వైట్ ఓక్ 1360, హార్డ్ మేపుల్ 1450, హికరీ 1820. అంటే మీరంతా నెత్తిన పెట్టుకునే టేకు నేలకు అంత గట్టిదేం కాదు. ఓక్ వేసుకో. పిల్లలుంటే హికరీ.

వైట్ అని రెడ్ అంటగడతారు, జాగ్రత్త. సన్నటి ముక్క తీసుకొని ఒక కొస నోట్లో పెట్టుకొని ఇంకో కొస నీళ్ళలో ముంచి ఊదు. రెడ్ ఓక్ అయితే బుడగలు వస్తాయి, వైట్ ఓక్ బెజ్జాలు మూసుకుపోయి ఉంటాయి, గాలి పోదు. షాపులో చేసి చూపించినా, సేల్స్ పిల్లోడు మేనేజర్‌ను పిలిచె.

ఇంకా ఈ చేపముల్లు డిజైన్లూ పార్కెట్లూ కొత్త మోజేం కాదు. ఫ్రాన్స్‌లో వెర్సాయ్ ప్యాలెస్‌లో 1680ల్లోనే పాలరాయి తీసేసి ఓక్ పార్కెట్ వేసినారు, రాయి కడిగిన నీళ్ళు కిందికి దిగి దూలాలు కుళ్ళుతున్నాయని.

తాడిపత్రి_బండ
మా రాయి కింద దూలాలు ఉండవు. నేల ఉంటాది. కుళ్ళేదానికి ఏమీ లేదు.

ఉలి_బాడిస
పెన్నా గారూ గుండు దిగడం ఒక్కటే లెక్క కాదు. మన సీమలో చెక్కను చంపేది దెబ్బ కాదు, ఎండ. పచ్చిగా ఉన్నప్పటి నుంచి పూర్తిగా ఆరేదాకా టేకు వెడల్పులో 5-6 శాతం ముడుచుకుంటుంది, వైట్ ఓక్ 10 శాతం పైనే. బెంగళూరు గాలి వేరు, కర్నూలు మే నెల గాలి వేరు. మీ ఓక్‌ను తెచ్చి మా ఊళ్ళో వేస్తే శివరాత్రికి సందులు మొదలై రోహిణి కార్తెకు రూపాయి బిళ్ళ దిగుతుంది.

పెన్నా_గట్టు
రూపాయి బిళ్ళ అంటే అతి. మా పక్కింటోళ్ళది కూడా ఓక్ చెక్కే, ఏం కాలే.

ఉలి_బాడిస
పక్కిల్లు కూడా బెంగళూరే కదా సార్.

సున్నపువీధి_ఇంజనీరు
సివిల్‌లో ఉన్నా, అనంతపురం. ఉలి_బాడిస చెప్పింది నిజమే, లెక్కతో చెప్తా. చెక్క చుట్టూ ఉన్న గాలితో తేమ ఇచ్చిపుచ్చుకుంటా ఉంటాది. మన దగ్గర ఎండాకాలం పొడి గాలికి చెక్కలో తేమ 6 శాతం దగ్గరికి పడిపోతాది, వానలు పడినప్పుడు 12 దాకా పోతాది. ఆ తేడాకు నీ నాలుగు వేళ్ళ వెడల్పు టేకు చెక్క ఒక్కోటి అర మిల్లీమీటరు పైనే పెరిగి తగ్గుతాది. చేపముల్లో, గళ్ళ డిజైనో వేస్తే చెక్కలు ఒకే దిక్కున ఉండవు కాబట్టి కొంత సర్దుకుంటాది, అయినా గోడల వెంబడి 10-12 మిల్లీమీటర్లు వదలాల, స్కర్టింగ్ కింద దాక్కుంటాది. గోడకు ఆనించి బిగిస్తే మొదటి వానకే మధ్యలో గుడారం లేస్తాది, మా క్లయింటు ఇంట్లో చూసినా, పిల్లోళ్ళు దానిమీద ఎగురుతాండారు.

హాలుకు కొత్తది కొనేటప్పుడు అది పూర్తిగా ఒకే చెక్కా, ఇంజినీర్డా, ల్యామినేటా అని ముందు అడుగు. ల్యామినేట్ అంటే పైన చెక్క ఫోటో, కింద నొక్కిన పొట్టు. నాలుగు పలకలు పక్కపక్కన పెడితే అదే కన్ను, అదే మచ్చ మళ్ళీ కనపడితే ఫోటోనే. ఇంజినీర్డ్ అయితే పైన రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్లు నిజం చెక్క, కింద అడ్డం నిలువు ప్లైవుడ్ పొరలు, కొస చూస్తే తెలిసిపోతాది. మన ఎండకు అది తక్కువ కదుల్తాది. నన్నడిగితే హాలుకు టేకు మొహం ఉన్న ఇంజినీర్డ్, పైపొర నాలుగు మిల్లీమీటర్లది.

రాగిసంకటి
మలేషియా నుంచి వచ్చే మెర్బౌ గురించి ఎవరికన్నా తెలుసా? మా చిన్నాయన ఇంట్లో వేసినారు, భలే గట్టి.

ఉలి_బాడిస
గట్టిదే. బెజ్జాల్లో గంధకం పొడి మాదిరి పసుప్పచ్చగా ఉంటే అది మెర్బౌ, గుర్తుపట్టడం సులువు. కానీ తడి తగిలితే కాఫీ రంగు కారుతుంది, పాలిష్ పట్టకముందే పని జాగాలో వాన పడితే పక్కనున్న సున్నం గోడ పాడు.

కొండారెడ్డి_బురుజు
నిన్నంతా ఇదే పని. మా ఆవిడ వంటింటి త్రాసు ఇవ్వలేదు, తారు అంటుతుందని, పక్కింట్లో తెచ్చుకున్నా. చెక్క 22.5 బై 7 బై 2, అంటే 315 ఘన సెంటీమీటర్లు. తేనె రంగుది 204 గ్రాములు, ఎర్రది 251. భాగిస్తే 0.65, 0.80. రెండూ బకెట్లో తేలినాయి. ఎర్రది తేలగానే ఎంత ఊపిరి వచ్చిందో మాటల్లో చెప్పలేను.

పెచ్చులు రాత్రి నానబెట్టినా. పొద్దున చూస్తే నీళ్ళ గ్లాసు టీ డికాషన్ మాదిరి అయింది, నల్ల చీర ముందు ఎండలో పెడితే అంచుల్లో నీలం. కిరసనాయిలు పొర మాదిరి కాదు, లోపల్నించే నీలం. మా పాప గంటసేపు గ్లాసు వదల్లేదు. స్పిరిట్‌లో పసుప్పచ్చగా దిగింది, ఎరుపు లేదు. లెన్స్ మా వీధి కంసాలి దగ్గర అడిగితే "బంగారమా?" అన్నాడు, "కాదన్నా చెక్క" అంటే ఒక చూపు చూసి ఇచ్చినాడు. తేనె రంగుదాంట్లో ఉలి అన్న చెప్పినట్లే వరసగా పెద్ద బెజ్జాలు, పక్కన లేత గీత. చక్రం ఆకుల గీతలు లేవు. ఎర్రదాంట్లో బెజ్జాలు పెద్దవే కానీ అంత వరసగా లేవు, వాటి మధ్య లేత రంగు అలల గీతలున్నాయి.

ఉలి_బాడిస
తేనె రంగుది టేకు, చేవ టేకు. ఎర్రది వేగి. మీ బామ్మర్దికి చెప్పు.

కడప_కారం
నేను ముందే అనుకున్నా వేగి అని.

తాడిపత్రి_బండ
పైకెక్కి చూడండి, రాసిపెట్టుకో అన్నాడు. రాసిపెట్టుకున్నాం.

పెన్నా_గట్టు
తొందరపడొద్దు. పదౌక్ కూడా ఆ కుటుంబమే, దాని చుట్టాల్లో కూడా నీళ్ళలో నీలం వచ్చేవి ఉన్నాయి. అండమాన్ పదౌక్ పాత బంగళాల్లో బాగా వాడినారు. ఎర్రగా ఉందంటున్నాడు కదా.

నల్లమల_నీడ
పెన్నా గారి మాట కొట్టిపారేసేది కాదు. వేగి, పదౌక్, ఎర్రచందనం మూడూ ఒకే ప్రజాతి. ముఖ్యమైన ప్రశ్నకు, అంటే ఎర్రచందనమా కాదా అనేదానికి, తూకమూ స్పిరిటూ జవాబు చెప్పేసినాయి. వేగా పదౌకా అని కాగితం మీద కావాలంటే బెంగళూరు మల్లేశ్వరంలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీ ఉంది, ఫీజు కట్టి ముక్క ఇస్తే చూసి రిపోర్టు ఇస్తారు. ఆ కాగితం, మీరు కొన్న చీటీ ఒక ఫైల్లో పెట్టుకోండి. రేపు కారం గారు మీ ఇంటికి భోజనానికొస్తే చూపించొచ్చు.

కొండారెడ్డి_బురుజు
సార్ చీటీ లేదు, తెల్ల కాగితం మీద రాసిచ్చినాడు. రేపే పోయి సంతకం పెట్టించుకుంటా. మరి రెండూ కలిపి పరచొచ్చా? తారు ఎట్ల తీయాలి? అది పెద్ద తలనొప్పిగా ఉంది, గ్రైండర్ పెడితే కాగితం రెండు నిమిషాలకే జిగురు పట్టి నున్నగా అయిపోతుంది.

ఉలి_బాడిస
తారుకు గ్రైండర్ పెడితే వేడెక్కి ఇంకా అంటుకుంటుంది. తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు పాత ఉలితో కొట్టు, పెళుసుగా ఉంటే పెచ్చులుగా లేస్తుంది. మొండిది ఉంటే ఫ్రిజ్‌లో పెట్టి తీసి కొట్టు. దుమ్ము పీల్చొద్దు, మూతికి మాస్కు ఉండాల. పూర్తిగా పోకపోయినా పర్వాలేదు, అంటించే జిగురు తారు మీద పట్టేదేనా కాదా అని కొనేటప్పుడే అడుగు.

రెండూ కలపొచ్చు కానీ అడ్డదిడ్డంగా కలపొద్దు. వేగి తడి తగిలితే రంగు కారుతుంది, గ్లాసులో చూసినావు కదా. టేకు మధ్యలో పెడితే మొదటి తడిగుడ్డకే టేకు మీద మరకలు. గోడల వెంబడి బార్డర్ వేయి. మీ రూము చుట్టుకొలత 52 అడుగులు, పొడుగ్గా పెడితే వరసకు 70 చెక్కలు, 200 ఉన్నాయి కాబట్టి రెండు వరసలు సుఖంగా వస్తాయి. పాలిష్ రెండు పూటలు ఆరనిచ్చి మూడు పూతలు.

సున్నపువీధి_ఇంజనీరు
పరిచే ముందు రెండు పనులు. చెక్కలన్నీ ఆ రూములోనే గాలి తగిలేట్ల పేర్చి రెండు మూడు వారాలు వదిలేయి. నేలకు ఒక గజం ప్లాస్టిక్ కవరు నాలుగు పక్కలా టేపు అంటించి ఒక రోజు తర్వాత ఎత్తి చూడు, అడుగున చెమట పట్టింటే ఆ సిమెంటు ఇంకా ఆరలేదు, ఏ చెక్క వేసినా ఉబ్బుతాది. కొత్త స్లాబా పాతదా?

కొండారెడ్డి_బురుజు
పాతదే, పన్నెండేండ్లయింది. కవరు ఈరోజే అంటిస్తా.

టవర్‌క్లాక్_77
18 వేలకు 260 అడుగుల చేవ టేకు, పైగా వేగి బార్డరు. నీకు కిటికీలు దొరక్కపోవడమే మంచిదాయె. ఆ బంగళాలో ఇంకేమన్నా మిగిలిందా? ఊరికే అడుగుతాండా.

కొండారెడ్డి_బురుజు
కవరు కింద పొడిగా ఉంది, ఇంజనీరన్నా థాంక్స్. కొత్త సమస్య. మా నాయనకు షుగరుంది. వేగి అనే మాట చెవిన పడగానే "వేగి గ్లాసులో రాత్రి నీళ్ళు పోసి పొద్దున తాగితే షుగరు తగ్గుతుందని మా అమ్మ చెప్పేది" అని మొదలుపెట్టినాడు. నిన్న నానబెట్టిన గ్లాసు కనపడలేదు. తాగినాడేమో అని అడిగితే మాట మారుస్తాడు.

నల్లమల_నీడ
బాబూ వద్దు. ఆ గ్లాసులు కొత్త చేవతో చేస్తారు. మీది ఎన్నో ఏళ్ళ పాలిష్, తారు, వందల మంది బూట్లు తగిలిన నేల. మందులు మానకుండా చూసుకోండి, ఒకసారి డాక్టరుకు కూడా చెప్పండి.

కొండారెడ్డి_బురుజు
చెప్పినా సార్. తాగలేదంట, చెట్టుకు పోసినాడంట. కానీ లెక్కబెడితే ఎర్రవి 196 ఉన్నాయి. నాలుగు నాయన మంచం కింద గోనెసంచిలో దొరికినాయి.

తాడిపత్రి_బండ
బండలకైతే ఈ బాధ లేదు. ఎవరూ నానబెట్టుకొని తాగరు.